మెల్కోర్ పక్షాన మా అన్నయ్య

మా అన్నయ్య మెల్కోర్ పక్షం. మెల్కోర్ అంటే ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ అల్లిన కల్పిత పురాణంలో దారి తప్పిన దేవుడు. మెల్కోర్ చెడ్డవాడని ఒప్పుకునేవాడు, క్రూరుడని ఒప్పుకునేవాడు, చివరికి సంకెళ్లు వేసి శూన్యంలోకి గెంటేశారని కూడా ఒప్పుకునేవాడు. బలం మాట వచ్చేసరికి మాత్రం అంగుళం వెనక్కి తగ్గేవాడు కాదు. "ఏ పుస్తకంలోంచైనా సరే, ఏ దేవుణ్నైనా సరే, తీసుకొచ్చి మా వాడి ముందు నిలబెట్టు. ఆ తర్వాత మాట్లాడదాం" అనేవాడు. అలా మొదలైన వాదన దీపాలు ఆర్పాక కూడా చీకట్లో సాగేది.

మేము నలుగురం. అన్నయ్య, నేను, పెద్దమ్మ కూతురు అక్క, అన్నయ్యతో పాటు చదువుకుంటున్న ఒక మిత్రుడు. ఆ మిత్రుడికి లెక్కలంటే ప్రాణం. లోకంలో ఉన్న కాల్పనిక దేవుళ్లందరినీ ఒక నోటు పుస్తకంలో వరుసగా రాసి, ఎవరు ఎవరికన్నా పైనో తేల్చాలని అతని పట్టుదల. అక్క మా అందరికన్నా వయసులో పెద్ద. తక్కువ మాట్లాడేది, ఎక్కువ చదివేది. నేను చిన్న కాబట్టి సాక్ష్యం వెతికే పని నాకు పడేది. "అది ఏ పుటలో ఉంది, చూపించు" అని ఎవరో ఒకరు అనగానే పుస్తకం తీసి కాగితాలు తిరగేయాలి. ఒక్క వాక్యం కోసం అధ్యాయమంతా మళ్లీ చదవాల్సి వచ్చేది. ఆ పని అంటే నాకు ఎంత ఇష్టమో వాళ్లెవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

మా వాదాలకు మూలగ్రంథం సిల్మరిల్లియన్. టోల్కీన్ కన్నుమూసిన నాలుగేళ్లకు, 1977లో, ఆయన వదిలివెళ్లిన రాతప్రతులను కుమారుడు క్రిస్టఫర్ ఒక వరుసలో కూర్చి తెచ్చిన పుస్తకం అది. మా దగ్గరున్న ప్రతికి అట్ట ఊడిపోయింది. మొదటి భాగమే సృష్టి కథ. ఎరూ ఇలూవతార్ అనే పరమాత్మ తన తలపులోంచి ఐనూర్ అనే దివ్యులను పుట్టించి, వారికి ఒక రాగం ఇస్తాడు. వారు పాడిన పాటే లోకానికి నమూనా అవుతుంది. ఆ గాయకులందరిలో శక్తిలోనూ జ్ఞానంలోనూ మిన్న మెల్కోర్. తక్కినవారికి దక్కిన వరాలన్నింటిలోనూ అతనికి వాటా ఉంది. ఈ మాటలున్న చోట అన్నయ్య పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. అతని కేసంతా ఆ రెండు గీతల మీదే నిలబడేది.

అక్క ఒకే ప్రశ్న వేసేది. "అంత బలవంతుడు కదా, సొంతంగా ఒక్క చీమనైనా పుట్టించగలిగాడా?"

లేదు. ప్రాణం పోసే అనశ్వర జ్వాల ఎరూ దగ్గర ఉంది. దాని కోసం మెల్కోర్ శూన్యమంతా ఒంటరిగా గాలించాడు, దొరకలేదు. ఉన్నదాన్ని వంకర చేయగలడు, విరూపం చేయగలడు, పాడుచేయగలడు. అంతవరకే. అన్నయ్య దీనికి ఒప్పుకోకుండా, "పుట్టించడం వేరు, గెలవడం వేరు. మనం మాట్లాడుతున్నది గెలవడం గురించి" అనేవాడు. "మరి గెలవడం గురించే మాట్లాడదాం" అని అక్క ఫింగోల్ఫిన్ పేరు ఎత్తేది. ఆ పేరు వినగానే గది నిశ్శబ్దమైపోయేది, ఎందుకంటే ఆ ఘట్టం అన్నయ్యకు కూడా కంఠతా వచ్చు.

అప్పటికి మెల్కోర్ పేరు మోర్గోత్. యుద్ధంలో ఎల్ఫుల, అంటే ముసలితనం రాని ఒక జాతివారి, సేనలు చెల్లాచెదురయ్యాయి. ఎల్ఫు రాజు ఫింగోల్ఫిన్ ఆగ్రహంతో ఒంటరిగా గుర్రమెక్కి శత్రువు కోట దాకా వచ్చి, ఇనుప తలుపులు దబదబా బాది, బయటికి రమ్మని సవాలు చేస్తాడు. మోర్గోత్ రావాలనుకోలేదు. ఈ లోకంలో ఉన్నవాటన్నింటిలోకీ అతని బలమే గొప్పదని, అయినా లోకంలోకి దిగివచ్చిన దివ్యులైన వలార్ అందరిలోనూ భయం తెలిసినవాడు అతనొక్కడేనని టోల్కీన్ ఒకే ఊపులో చెబుతాడు. కానీ తన సేనాపతులు వింటుండగా పిరికివాడని పిలిపించుకున్నాక రాక తప్పలేదు. గ్రోండ్ అనే సమ్మెటతో అతను కొట్టిన చోటల్లా నేల గుంత పడి, పొగ, మంటలు ఎగసేవి. రాజు పక్కకు దూకుతూ, దూకుతూ ఏడు గాయాలు చేశాడు. మూడుసార్లు మోకాళ్ల మీద పడి, మూడుసార్లు లేచాడు. చివరికి ఒక గుంతలో వెనక్కి పడిపోయినప్పుడు మోర్గోత్ మెడ మీద కాలు మోపాడు. ఆఖరి వేటుగా ఆ పాదాన్ని రాజు నరికాడు. నల్లటి నెత్తురు గుంతల్లో నిండింది. ఆనాటి నుంచి మోర్గోత్ కుంటుతూనే ఉన్నాడు, గాయాల నొప్పి మానలేదు.

ఇది చదివి వినిపించాక అక్క ఏమీ అనేది కాదు. లెక్కల మిత్రుడే అనేవాడు. "విశ్వసంగీతంలో గొంతు కలిపినవాణ్ని కత్తి పట్టిన రాజు నరకడమేమిటి? దీన్ని ఏ గడిలో వేయాలి?"

జవాబు మాకు చాలా ఆలస్యంగా దొరికింది. టోల్కీన్ చిత్తుప్రతులను క్రిస్టఫర్ సంపుటాలుగా వెలువరిస్తున్న వరుసలో పదోది, 1993లో వచ్చిన మోర్గోత్స్ రింగ్. మోర్గోత్ సేవకుడైన సౌరాన్ తన శక్తిలో చాలాభాగాన్ని ఒక ఉంగరంలో పెడితే, మోర్గోత్ తన శక్తిని భూమి పదార్థంలోకే ధారపోశాడని అందులో ఒక వ్యాసంలో ఉంది. ఈ కథలు జరిగే మధ్యభూమి మొత్తం మోర్గోత్ ఉంగరమే అన్నమాట. లోకమంతా తనదై ఉండాలని తనను తాను పంచుకుంటూ పోయాడు. పంచిన కొద్దీ మిగిలిన దేహం చిన్నదైంది, తిరిగి తీసుకోలేనిదైంది. అందుకే రెండో యుగంలోని సౌరాన్, మొదటి యుగం చివరి మోర్గోత్ కన్నా ఒక రకంగా ఎక్కువ బలవంతుడని టోల్కీన్ అంటాడు, పుట్టుకతో చాలా చిన్నవాడైనా సరే. అది చదివిన రాత్రి అన్నయ్య ఎగిరి గంతేశాడు. "చూశారా, ఓడిపోయింది మా వాడు కాదు, మా వాడిలో మిగిలింది" అన్నాడు. ఆ వాక్యం ఇప్పటికీ నాకు చాలా నచ్చుతుంది.

లెక్కల మిత్రుడి పద్ధతి సూటిగా ఉండేది. ఒకడు రెండోవాణ్ని గెలిచాడు, రెండోవాడు మూడోవాణ్ని గెలిచాడు, కాబట్టి మొదటివాడు మూడోవాడి కన్నా పైన. ఇలా గొలుసు వేసుకుంటూ పోతే చివరికి అందరూ ఒక నిచ్చెన మీద సర్దుకుంటారని అతని నమ్మకం. దీన్ని విరగ్గొట్టింది ఒక వేటకుక్క. ఎల్ఫు రాజు ఫిన్‌రోడ్ సౌరాన్‌తో పాటల పోరులో తలపడి ఓడిపోతాడు. కొంతకాలానికే ఆ సౌరాన్‌ను హువాన్ అనే కుక్క గొంతు పట్టుకుని నేలకు అదుముతుంది. లోకంలో తిరిగే తోడేళ్లన్నింటిలోకీ గొప్పదాని చేతిలోనే హువాన్‌కు చావు రాసిపెట్టి ఉందని తెలిసి, ఆ తోడేలు తానే అవుదామని సౌరాన్ రూపం మార్చుకుని వచ్చాడు. లాభం లేకపోయింది, ఆ రాత ఇంకొక తోడేలు పేర రాసి ఉంది. మిత్రుడు నోటు పుస్తకంలో కుక్కను సౌరాన్ పైన రాయడానికి చేయి రాక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. బలం కన్నా రాత పెద్దదైన కథలో గొలుసు లెక్క పనిచేయదని ఆ రోజు మొదటిసారి మా అందరికీ తెలిసొచ్చింది.

అయినా అంకెల మీద అతనికున్న మమకారాన్ని నేను తక్కువ చేయను. దేవుళ్లకు అంకెలు వేయాలన్న కోరిక అతనొక్కడిదే కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట తయారుచేసినవాళ్లు 1980లో దేవతల కోసమే ఒక పుస్తకం తెచ్చారు. అందులో గ్రీకు దేవతల రాజు జ్యూస్‌కు ప్రాణబలం 400. మన ఇంద్రుడు, అగ్ని, వరుణుడు కూడా తమ తమ అంకెలతో ఉన్నారు. దానికి ముందు 1976లో వచ్చిన పుస్తకం ముందుమాట ఇంకా విచిత్రంగా ఉంటుంది. నార్స్ దేవతల పెద్ద ఓడిన్‌కే 300 అయినప్పుడు, హద్దూ అదుపూ లేకుండా పెంచుకున్న మీ వీరులను ఎవరు లెక్కచేస్తారని ఆటగాళ్లను మందలించడం దాని ఉద్దేశం. జరిగింది వేరు. అంకె కనిపించగానే దాన్ని సున్నాకు ఎలా దించాలా అని ఆటగాళ్లు ఆలోచించడం మొదలుపెట్టారు. కొలత దొరికిన దేవుడు కొట్టదగిన దేవుడైపోయాడు.

డ్రాగన్ బాల్ అనే జపాన్ బొమ్మల కథలో కూడా అంతే. కంటికి తగిలించుకునే యంత్రం ఎదుటివాడి బలాన్ని అంకెల్లో చూపిస్తుంది. తన బలం 5,30,000 అని ప్రతినాయకుడు ఫ్రీజా ప్రకటించినప్పుడు మా మిత్రుడు ఆ అంకెను ఎర్ర సిరాతో రాసుకున్నాడు. కానీ కథలోని వీరులు బలాన్ని దాచుకోవడం నేర్చుకున్నారు, యంత్రం తప్పు చూపించసాగింది, ఫ్రీజా కథ ముగిశాక ఆ యంత్రాలే దాదాపు కనుమరుగయ్యాయి. కథ పెరుగుతుంటే అంకె ఇరుకైపోతుందని ఆ రచయితకు తెలిసే ఉంటుంది.

అక్క దారి వేరు. పేరుకు దేవుడై ఉండి చేతకాక విలవిల్లాడే పాత్రలంటే ఆమెకు ప్రాణం. 1992లో టెర్రీ ప్రాచెట్ రాసిన స్మాల్ గాడ్స్ ఆమె మాకు చదివి వినిపించింది. అందులో ఓమ్ అనే మహాదేవుడు గంభీరమైన రూపంలో దిగివద్దామనుకుంటాడు, చూసుకుంటే తాబేలు. ఒక పెద్ద రాజ్యమంతా అతని పేరు మీదే నడుస్తోంది, గుడులున్నాయి, పూజారులున్నారు, విచారణలు చేసి చిత్రహింసలు పెట్టేవాళ్లున్నారు. నిజంగా నమ్మేవాడు మాత్రం బ్రూథా అనే కుర్రవాడొక్కడే. మిగతావాళ్లు నమ్ముతున్నది గుడి వ్యవస్థనూ, దాని భయాన్నీ. ఆ ఒక్కడి నమ్మకం మీద ఒక దేవుడి ప్రాణం వేలాడుతోంది, పైనుంచి గద్ద చూస్తోంది.

"ఇప్పుడు చెప్పు, ఓమ్‌ను నీ నిచ్చెనలో ఎక్కడ పెడతావు?" అని అక్క మిత్రుణ్ని అడిగింది.

"ఏ రోజు ఓమ్‌ను, అక్కా? మొదటి పుటలో ఓమ్‌నా, చివరి పుటలో ఓమ్‌నా?" అన్నాడతను. మంచి ప్రశ్న. ఆ తర్వాత అతని నోటు పుస్తకంలో ప్రతి పేరు పక్కనా "ఎప్పటి" అనే కొత్త గడి వచ్చింది. యుద్ధానికి ముందు మెల్కోర్, యుద్ధానికి తర్వాత మెల్కోర్. ఉంగరం ఉన్న సౌరాన్, ఉంగరం పోయిన సౌరాన్. పట్టిక రెట్టింపైంది, తగవులు మూడింతలయ్యాయి.

కామిక్స్ విషయంలో అన్నయ్యకు కాస్త బలం దొరికేది. 1991లో ఆరు సంచికలుగా వచ్చిన ఇన్ఫినిటీ గాంట్లెట్‌లో ప్రతినాయకుడు థానోస్ చేతి తొడుగులో సర్వశక్తినిచ్చే ఆరు రత్నాలూ ఉంటాయి, వేళ్లు చిటికేస్తే విశ్వంలో సగం ప్రాణులు మాయం. వీరులందరినీ ఓడించాక గ్రహాలను మింగే గెలాక్టస్ లాంటి మహాశక్తులు ఒక్కటై మీదపడతాయి, వాటినీ ఓడిస్తాడు. విశ్వానికే ప్రతిరూపమైన ఎటర్నిటీని దించి ఆ స్థానంలో తాను కూర్చుంటాడు. "ఇంతకన్నా పైన ఏముంది?" అని అన్నయ్య. అప్పుడే జరిగే పని ఏమిటంటే, పైకి వెళ్లినవాడు కింద వదిలేసిన దేహం నుంచి ఆ తొడుగును నెబ్యులా లాగేసుకుంటుంది. అంతవరకు ఆమె దాదాపు శవంలా అతని పక్కన పడి ఉన్న మనిషి. ఇంత గొప్ప తప్పు ఎలా చేశాడు? తాను ఆ శక్తికి తగినవాణ్నని థానోస్ లోలోపల నమ్మలేదని, తన ఓటమికి దారి తానే తెరిచి పెట్టుకుంటాడని వీరుల పక్షాన ఉన్న ఆడమ్ వార్‌లాక్ తేల్చి చెబుతాడు. అన్నయ్యకు ఈ మాట మెల్కోర్ భయాన్ని గుర్తుచేసింది. ఆ సాయంత్రం అతను వాదించలేదు, నాతో కలిసి రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివాడు.

అక్క దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది శాండ్‌మాన్ కామిక్ నాలుగో సంచిక, 1989 నాటిది. కలల రాజు పోయిన తన శిరస్త్రాణం కోసం నరకానికి వెళతాడు. అది ఒక రాక్షసుడి దగ్గర ఉంది. ఇద్దరూ మాటలతో తలపడాలి, ఒకరు ఒక రూపం చెబితే రెండోవారు దాన్ని మించిన రూపం చెప్పాలి. రాక్షసుడు తోడేలు అంటే ఇతను వేటగాడు. జోరీగ అంటే సాలెపురుగు. పాము అంటే దాన్ని తొక్కే ఎద్దు. అలా పెరిగి పెరిగి రాజు లోకమవుతాడు, రాక్షసుడు లోకాలను కాల్చేసే నక్షత్ర విస్ఫోటనం అవుతాడు. రాజు విశ్వమవుతాడు. రాక్షసుడు అన్నిటికీ ముగింపైన చీకటి అవుతాడు. ఇక మించేదేముంది? లెక్కల మిత్రుడు ఇక్కడ పుస్తకం మూయించి, జవాబు ఊహించడానికి ప్రయత్నించాడు. కాలం అన్నాడు, ఇంకో విశ్వం అన్నాడు, అనంతం అన్నాడు. అక్క మళ్లీ తెరిచి చూపించింది. కలల రాజు చెప్పిన రూపం, ఆశ. రాక్షసుడి దగ్గర దానికి మారు రూపం లేదు.

పెద్దవాటిని ఇంకా పెద్దవి తింటూ పోయే ఆట అది, ఎవరు చూసినా మా నోటు పుస్తకమే. గెలిచిన మాట మాత్రం పరిమాణం లేని మాట.

టామ్ బాంబడిల్ విషయంలో నలుగురం నాలుగు వైపులు. టోల్కీన్ లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో పాటలు పాడుకుంటూ తిరిగే వింత మనిషి అతను. సౌరాన్ ఉంగరం అతని వేళ్ల మీద బొమ్మలా ఆడింది, పెట్టుకుంటే మాయం కాలేదు. దాన్ని చూసి అన్నయ్య అతన్ని ఎరూ తర్వాతి స్థానంలో కూర్చోబెట్టాడు. ఉంగరం మీద అతనికి అధికారం ఉందనడం కన్నా, అతని మీద ఉంగరానికి అధికారం లేదనడం సరైనదని మాంత్రికుడు గాండాల్ఫ్ చేత టోల్కీన్ చెప్పించిన భాగం వెతికి పెట్టింది నేనే. అంతా ఓడిపోతే చివరికి బాంబడిల్ కూడా ఓడిపోతాడని గ్లోర్‌ఫిండెల్ అనే ఎల్ఫు చెప్పిన మాట కూడా ఆ పక్కనే ఉంది. ఏ కోరికా లేనివాణ్ని ఏ ఆయుధమూ లొంగదీయలేదు, అలాగని అతను లోకాన్నీ కాపాడలేడు. అతన్ని కావాలనే చిక్కుముడిగా ఉంచానని టోల్కీన్ 1954లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ముడి విప్పకుండా వదిలేసినందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

తర్వాత ఎవరి చదువులు వారివి, ఎవరి ఉద్యోగాలు వారివి. వాదనలు ఫోన్లలోకి మారాయి. 2008లో బ్రాండన్ శాండర్సన్ మిస్ట్‌బార్న్ మూడో పుస్తకం వచ్చాక మేము మాట్లాడుకున్నంతగా మరే పుస్తకం గురించీ మాట్లాడుకోలేదు. చదవాలనుకునేవారు ఈ పేరా వదిలేయండి. అందులో వినాశం, సంరక్షణ అనే రెండు శక్తులు సమానం. కాకపోతే మనుషులకు తెలివి ఇవ్వడానికి సంరక్షణ తనలోంచి కొంచెం ఎక్కువ తీసి ఇచ్చింది, ఆ మేరకు బలం తగ్గింది. సంరక్షణ శక్తిని అందుకున్న కథానాయిక విన్ వినాశాన్ని చంపాలంటే ఆ శక్తి సహకరించదు, కాపాడడమే దాని స్వభావం. ఆమె తనను తాను బలి ఇచ్చుకుని ఇద్దరినీ ముగిస్తుంది. రెండు శక్తులూ ఆమె సహచరుడు సేజడ్‌కు చేరతాయి. మిత్రుడు లెక్క వేశాడు, రెట్టింపు బలం. తర్వాతి పుస్తకాల్లో తెలిసింది, ఒకదానికొకటి ఎదురు లాగే రెండు స్వభావాలను మోస్తున్న ఆ దేవుడికి వేలు కదపడమే కష్టమని. ఆ రాత్రి మిత్రుడు ఫోను చేసి, "మీ అక్క అడిగేది ఇదే కదా, ఎప్పుడూ ఇదే కదా, ఏం చేయలేడు అని" అన్నాడు.

ఈ రోజుల్లో ఇలాంటి వాదాలకు పవర్ స్కేలింగ్ అని పేరుంది, స్థాయిలున్నాయి. గ్రహాన్ని పగలగొట్టేవాడు, నక్షత్రాన్ని ఆర్పేవాడు, విశ్వాన్ని తుడిచేసేవాడు. శ్రద్ధగా చేసేవాళ్లంటే నాకు గౌరవమే, వాళ్లూ పుటలు వెతుకుతారు. కానీ డన్సనీ 1905లో రాసిన పెగానా దేవతల కథ ఆ స్థాయిల్లో ఇమడదు. మానా యూద్ సుషాయీ దేవతలను చేసి నిద్రపోయాడు. స్కార్ల్ అనేవాడు డోలు వాయిస్తూ ఆ నిద్ర కాపాడుతున్నాడు. డోలు ఆగితే ఆయన లేస్తాడు, లేస్తే దేవతలుండరు, లోకాలుండవు. నిద్రపోతున్నవాడు బలవంతుడా, డోలు వాయిస్తున్నవాడా? స్కార్ల్ ఒక్కడి పేరు మీద అక్కా, నేనూ ఒక సెలవుదినమంతా మాట్లాడుకున్నాం.

సిల్మరిల్లియన్‌లో మెల్కోర్‌తో చేతులు కలిపిన ఉంగోలియంట్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. వలార్ లోకానికి వెలుగిచ్చే చెట్ల రసాన్నీ, వార్దా అనే దేవత వెలుగు కొలనులనూ తాగేసి సాలీడు రూపంలో ఆమె ఎంతగా పెరిగిందంటే, మెల్కోర్‌కే వణుకు పుట్టింది. ఆమె వలలో చిక్కి అతను పెట్టిన కేకకు అతని అగ్ని భూతాలైన బాల్‌రోగ్‌లు పరుగెత్తుకొచ్చి విడిపించాయి. మొన్న అన్నయ్య ఫోను చేసి, ఆమెలో ఉన్న బలం మెల్కోర్ ఇచ్చిందే, అతని శక్తి ఆమెలోకి పోయి అతను తగ్గాడని పుస్తకంలోనే ఉంది కాబట్టి అది మెల్కోర్‌ను మెల్కోరే భయపెట్టినట్టు అన్నాడు. ఆ మాట ఉన్నది నిజమే, పుట నేనే చూశాను. అయితే ఆ వెలుగు వలార్‌ది, ఆకలి ఆమెది, ఆ రెండూ అతని ఖాతాలో వేయడానికి వీల్లేదని నా వాదన. చివరికి ఆ ఆకలితో ఆమె తనను తానే తినేసిందని కొందరు చెప్పుకుంటారని టోల్కీన్ రాశాడు కదా, అలాంటిదానికి అసలు పై హద్దు ఉందా అని అక్క అడుగుతోంది. మిత్రుడు ఆమె పేరు రాసి, "ఎప్పటి" అనే గడి దగ్గర ఆగాడు. అన్నయ్య మాత్రం ఒప్పుకోలేదు. ఆ అధ్యాయం మళ్లీ మొదటి నుంచి చదివి రమ్మన్నాడు.